ఆరు వారాల దీర్ఘకాలం

మొన్న నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి థీసిస్ కాగితాలు తెచ్చి, "ఎలకలకి ఆరు వారాలు మందిస్తే లాంగ్-టర్మ్ అనొచ్చా?" అని అడిగింది. అనొచ్చని చెప్పి పంపేశాను గానీ నవ్వాపుకోలేకపోయాను. అదే మాట నమ్మి నాతో ఒప్పందం చేసుకున్న పెద్దమనిషి ఒకాయన సిడ్నీ శివార్లలో, టూంగాబీలో ఉన్నారు.

నేను అక్కడి యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో ఆయన ఇంట్లోనే గది అద్దెకు తీసుకున్నాను. గుంటూరు వైపు మనిషి, రిటైరైన ఇంజనీరు, నాకు అంకుల్; ఆయన భార్య ఆంటీ. కాలేయానికి రక్తం తీసుకెళ్ళే సిరలో ఒత్తిడి పెరిగిన ఎలకలకి రోజూ పొద్దున్నే గొంతులోకి సన్నని గొట్టం దించి మందు పొయ్యడం నా పని. కొన్నిటికి మందు, కొన్నిటికి ఉత్త నీళ్ళు. ఆదివారమైనా, ఆంటీ పెసరట్లు వేస్తున్నా, ఒక్క పూట తప్పకూడదు. నా ఖర్మ కాకపోతే, సరిగ్గా అదే జబ్బు అంకుల్‌కీ ఉందని డాక్టరు తేల్చాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి. లివర్ పాడైందని తెలిస్తే ద పాండ్స్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో శనివారం భోజనాలకి చేరే నలుగురూ తాగుబోతనుకుంటారని ఆయన బెంగ. పైగా నొప్పి లేదు, బాధ లేదు, మాత్రెందుకని వాదన. లోపల సిర చిట్లితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు హెచ్చరించినా, మాత్ర వేసుకున్నట్టు నటించేవారు. సంగతి కరివేపాకు కుండీలో బయటపడింది. సిడ్నీ చలికి చావలేక బతుకుతున్న ఆ మొక్కకి మట్టి గుల్ల చేస్తుంటే ఆంటీకి గుప్పెడు మాత్రలు దొరికాయి.

ఆంటీ ముందు మొక్క కోసం ఏడ్చారు, తరవాత మొగుడి కోసం. ఆపైన నామీద పడ్డారు. "ఏమ్మా, ఎలకలకి రోజూ కరెక్ట్ టయానికి వేస్తావు, ఇంట్లో మనిషి నీకు కనపళ్ళేదా? యూనీ నుంచి ఆ ట్యూబేదో ఒకటి పట్రా, నేనే పోస్తా" అన్నారు. నాకు నిజంగానే సిగ్గేసింది. ఆ వారమే కొత్త బ్యాచ్ ఎలకలకి మొదలుపెట్టిన చార్టులాంటిదే ఒకటి ఫ్రిజ్‌కి అంటించాను: తేదీ, బరువు, మాత్ర, సంతకం. అంకుల్ కళ్ళజోడు సర్దుకుని పరిశీలించి, "నేనే గ్రూపమ్మా? మందా, నీళ్ళా?" అన్నారు. మందేనన్నాను. ఎన్నాళ్ళని అడిగారు. "ఎలకలకైతే ఆరు వారాలంకుల్. దాన్నే లాంగ్-టర్మ్ అంటాం" అన్నాను, తెలివితక్కువగా. "అయితే నాకూ ఆరు వారాలే. ఒక్క రోజు ఎక్స్‌ట్రా అడిగినా ఊరుకోను" అన్నారాయన.

మాట మీద నిలబడ్డారు. నలభై రెండో గడిలో సంతకం పెట్టి, చార్టు పీకి నా చేతిలో పెట్టి, "డన్! మరి నీ ఎలకలు కూడా ఫ్రీయేనా? ఇప్పుడేం చేస్తున్నాయి?" అన్నారు సంబరంగా. అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. "ప్రయోగం అయిపోతే వాటిని ఉంచరంకుల్. నిన్ననే ప్రెషర్ కొలిచి..." అని ఆగిపోయాను. అంకుల్ చార్టు వెనక్కి తీసుకుని స్కేలు తెమ్మన్నారు. కాగితం తిరగేసి, మరో నలభై రెండు గళ్ళు శ్రద్ధగా గీసి, మళ్ళీ ఫ్రిజ్‌కి అంటించారు. "మన ప్రయోగం ఇంకా అవ్వలేదులేమ్మా" అన్నారు.

ఇప్పటికీ అవ్వలేదు. కిందటి ఆదివారం వెళ్తే ఫ్రిజ్ మీద కొత్త కాగితం ఉంది, సగం నిండింది. కరివేపాకు కంచె దాటింది. అదంతా ఆ మాత్రల చలవేనని ఆంటీ నమ్మకం. ఆ ఎలకల దగ్గర, ఆరు వారాలు ఎప్పుడైపోతాయా అని రోజులు లెక్కపెట్టుకున్నదాన్ని నేను. ఆ ఫ్రిజ్ ముందు నిలబడితే మాత్రం, ఆ ఆరు వారాలు ఎప్పటికీ అయిపోకూడదనిపిస్తుంది.