పత్తాలాట నేర్పిన నిబ్బరం

నయాపూల్‌లో ఒక వకీలు దగ్గర టైపిస్టు ఉద్యోగం మానేసి, ఇంట్లో కంప్యూటర్ మీద పోకర్ అనే పేకాట ఆడి బతుకుతానని చెప్పిన రోజు మా బాపు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. ఆయన బస్ డిపోలో మెకానిక్.

"పత్తాలాట గూడ నౌకరేనా రా? గట్ల ఆడితె జీతమెవడిస్తడు?"

"గిది మూడుముక్కలాట గాదు బాపు. దీనికి లెక్క ఉంటది."

మా అమ్మ నవ్వింది. "లెక్కలు గంత వస్తె టెన్తుల ఎందుకు తప్పినవ్?"

నిజమే, లెక్కల్లోనే తప్పాను. అయినా నా మొండితనం నాది. మాదన్నపేటకు అప్పుడే బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఆట మొత్తం నెట్‌లో చదివే నేర్చుకున్నాను.

అమెరికా వాళ్ళకు రాత్రయ్యేసరికి మనకు తెల్లవారుతుంది. రోజంతా పనిచేసి, కాస్త మందు పుచ్చుకుని ఆటకు కూర్చునే వాళ్ళు దొరకాలంటే నాకు పొద్దున్న ఆరు గంటలే మంచి వేళ. కూరగాయల మార్కెట్ లొల్లి వినపడకుండా కిటికీ మూసుకునేవాణ్ణి. పదింటికి ఆట మీంచి లేవాలి. గెలుస్తున్నా లేవాలి, ఓడుతున్నా లేవాలి. వరసగా మూడు పెద్ద దెబ్బలు తగిలితే ఆ రోజుకు కంప్యూటర్ బంద్. ఒక నోట్‌బుక్ ఉండేది. అందులో డబ్బు సంగతి రాయకూడదని నియమం. చిక్కుగా అనిపించిన ప్రతి ఆటా రాసి, పక్కన 'సరి' అనో 'తప్పు' అనో పెట్టేవాణ్ణి. సరిగ్గా ఆలోచించి ఓడిపోతే అది సరి. పిచ్చిగా ఆడి గెలిస్తే అది తప్పు. ఒక్క ఆటలో అదృష్టం ఎటైనా పోతుంది, వేల ఆటలయ్యాక సరిగ్గా ఆడినవాడే మిగులుతాడు. ఈ వృత్తిలో నమ్ముకోవడానికి ఇంకేమీ లేదు.

మొదటి ఏడాది సరిగ్గా ఆడి ఓడిన రోజుల్లో కడుపు మండిపోయేది. ఒకసారి మౌస్ తీసి గోడకేసి కొట్టాను. తర్వాత మెల్లగా ఆ మంట ఆగిపోయింది. పోయినా వచ్చినా ముఖం మారేది కాదు. కంప్యూటర్ ముందు ముఖం మారితే మాత్రం చూసేవాడెవడు? అయినా అదే అలవాటైంది. అదేదో సాధించానని గర్వంగా ఉండేది.

మూడో ఏడు వచ్చేసరికి బాపు సణగడం మానేశాడు. డిపో నుంచి వచ్చిన ఒకాయనతో వాకిట్లో కూర్చుని, "మావోడు పత్తాలే ఆడ్తడు గని డ్యూటీ లెక్క ఆడ్తడు" అంటుంటే లోపలి నుంచి విన్నాను. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆ తర్వాతే అమ్మకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. గుండెలో వాల్వు పాడైందన్నారు. ఆపరేషన్ చేస్తే చాలామంది బాగవుతారని, కొందరు తట్టుకోలేరని, చెయ్యకపోతే మందుల మీద ఒకటి రెండేళ్ళు నెట్టుకురావచ్చని డాక్టరు దాచకుండా చెప్పాడు.

"నన్ను కొయ్యనియ్యకుర్రి," అంది అమ్మ. "ఉన్నన్ని దినాలు ఇంట్లనే ఉంట."

బాపు నన్ను ఆస్పత్రి వరండాలోకి తీసుకెళ్ళాడు. "నాకు సమజైతలేదు. నువ్వు జెప్పు. నీకు నిమ్మళంగ సోచాయించుడు వచ్చు."

ఆ క్షణాన నాకు దిగులు కలగలేదు, సంతోషం కలిగింది. మా బాపు నన్ను సలహా అడిగాడన్న సంతోషం. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చేయిద్దామన్నాను. రెండు రోజులు అమ్మ మంచం పక్కన కూర్చుని, డాక్టరు చెప్పిందంతా నా పద్ధతిలో విడమర్చాను. పదిలో ఇన్ని పాళ్ళు మన వైపే ఉన్నాయని వేళ్ళ మీద చూపించాను. ఆమె నా వేళ్ళను కాదు, నా ముఖాన్నే చూస్తూ వింది. చివరికి, "నువ్వు గింతగనం జెప్తున్నవంటె చేపిచ్చుకుంట తియ్యి," అంది.

ఆపరేషన్ అయిన మర్నాడే పోయింది. తట్టుకోలేని ఆ కొందరిలో మా అమ్మ కూడా ఉంది. ఎవరి తప్పూ లేదు.

పదకొండో రోజు అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. బాపు గడప మీద కూర్చుని, "ఆమె వద్దన్నది రా," అన్నాడు.

పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకోవలసింది. నేను నిలబడే మాట్లాడాను. "మనం చేసింది తప్పు గాదు బాపు. మనకు తెలిసినదాని మీద గదే సరైంది. వందసార్లు అడిగినా చేపియ్యమనే చెప్త." నా గొంతు వణకలేదు.

బాపు తలెత్తి చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"వందసార్లు ఏడికెల్లి వస్తయి కొడుకా? మీ అమ్మ ఒక్కతే గద."

నేను లోపలికి వెళ్ళి ఆమె ఖాళీ మంచం మీద కూర్చున్నాక ఏడుపు వచ్చింది, ఎన్నేళ్ళకో. ఆ రెండు రోజులూ అంతసేపు పక్కన కూర్చుని అన్ని లెక్కలు చెప్పినవాణ్ణి, ఎందుకు వద్దంటున్నావమ్మా, భయమైతుందా అని ఒక్కసారి కూడా అడగలేదు.