వంకర గోడల ఇల్లు

మా ఆవిడ మెయిలు నేనింకా మూయలేదు. నిన్న దానికి ఇంగ్లండ్ నుంచి ఒక ఫోటో వచ్చింది. ఓ పల్లెటూళ్ళో నాలుగు వందల ఏళ్ళనాటి చిన్న ఇల్లు, మరమ్మతు పూర్తయిందట. ఇంటి యజమానురాలు ఆమెకు కృతజ్ఞతలు రాసింది. మా ఆవిడ పోయి రెండేళ్ళయిందని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మా ఆవిడ పాత కట్టడాల ఆర్కిటెక్టు. అరబ్బు దేశంలో మేముండే ఐన్ ఖాలిద్‌లో మా భోజనాల బల్ల మీదే, ఇంగ్లండ్ వాళ్ళు పంపిన ఫోటోలూ కొలతలూ చూసి ఆ ఇంటి డ్రాయింగులు గీసేది. గడ్డి కప్పు, తల వంచితే తప్ప పట్టని గుమ్మం, ఇంటి నడుమ ఇటుకల పొగగూడు. గోడలకు పుల్లల తడిక అల్లి, మట్టీ పేడా మెత్తారట. "అచ్చం మా అమ్మమ్మ వంటపాకేనండీ, దొరలకు తెలిస్తే నొచ్చుకుంటారేమో!" అని నవ్వేది. బల్ల మీద చోటులేక నేను కంచం ఒళ్ళో పెట్టుకునే తినేవాణ్ణి.

నేను అదే ఊళ్ళో వెస్ట్ బేలో టవర్లు కట్టే సైటు ఇంజినీరుని. గోడ వేలెడు వాలినా పడగొట్టించేవాణ్ణి. ఆమె పరీక్షల కోసం ఆస్పత్రిలో చేరి, పని గడువు దగ్గరపడిందని బెంగపడుతుంటే, సాయం చేద్దామని కంప్యూటర్ తెరిచాను. గీతలన్నీ వంకరే. మందుల మత్తులో గీసిందనుకున్నాను. ఒక్కొక్క గోడా నిలబెట్టి, దూలాలు సరిచేసి, పాతదాని మీదే సేవ్ చేశాను.

ఆమె ఇంటికొచ్చి చూసి, కొలతల కాగితాలు తెచ్చి నా ముందు పరిచింది.

"అవి తప్పులు కావండీ. పచ్చి ఓక్ చెక్కతో కట్టారు. ఎండేకొద్దీ ఒక్కో దూలం ఒక్కోవైపు మెలితిరిగింది. వాళ్ళు కొలిచి పంపినదంతా ఉన్నదున్నట్టు గీశాను."

"ఇలాగే పంపేయ్. ఎవరు చూడొచ్చారు?"

"ఇది చూసే రిపేరు చేస్తారు. నిటారుగా లాగితే ఆ ముసలి ఇల్లు విరిగిపోదూ?"

భీమవరంలో చెల్లెల్ని చూడ్డానికి తీసుకున్న టికెట్టు వాయిదా వేసింది. దిండ్లకు ఆనుకుని, రోజుకింత చొప్పున మళ్ళీ గీసింది. నేను కొలతలు చదివేవాణ్ణి. నేను మధ్యలో ఆగితే "యల్లా, కానివ్వండి ఇంజినీరుగారూ, తరవాతది" అనేది. పదకొండో రోజున పంపేసింది. మర్నాడే మళ్ళీ ఆస్పత్రికి తీసుకెళ్ళాను. తిరిగి ఇంటికి రాలేదు.

"ఆ వారం అక్క ఎందుకు రాలేదు బావగారూ?" అని మరదలు ఇప్పటికీ అడుగుతుంది.

"డాక్టర్లు వద్దన్నారమ్మా" అంటాను.

ఆమెకు నాలుగు రోజులు కలిసొస్తాయని ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆమె దగ్గర మిగిలినవే ఆ పదకొండు రోజులని అప్పుడు నాకు తెలియదు.