బేగం ఒక్కపొద్దు

మా తమ్ముడు ఇనాయతుల్లా ఇరవై రెండేళ్లు కువైట్‌లో కారు తోలి, రెండు సూట్‌కేసులతో, ఒక కడుపునొప్పితో ప్రొద్దుటూరుకు తిరిగొచ్చాడు. అంతకుముందు పులివెందులలో లారీ తోలేవాడు. పెళ్లి చేసుకోమని ఫోన్లో తిట్టీ తిట్టీ నా నోరు నొప్పి పుట్టింది. "వచ్చే ఏడు ఆపా" అనేవాడు. అట్లా అంటూనే గడ్డం తెల్లబడింది. మా ఆయన పోయాక నేనూ ఒంటిదాన్నే. మిద్దె మీది గది వాడికిచ్చాను.

వచ్చిన మూడు నెలలకు బెంగళూరు పోయి ఒక గాజు పెట్టె తెచ్చుకున్నాడు. అందులో మట్టి, బోర్లించిన కొబ్బరి చిప్ప, సీసా మూతలో నీళ్లు. చూస్తుండగా చిప్ప కింద నుంచి అరచెయ్యంత సాలెపురుగు బయటికొచ్చింది. ఒళ్లంతా వంకర వంకర వెంట్రుకలు. నేను గడప అవతలికి ఒక్క దూకు దూకాను.

"ఏందిరా ఇది? పెండ్లి చేసుకోరా అంటే ఇన్నేండ్లు తప్పించుకుంటివి. ఇప్పుడు ఎనిమిది కాళ్ల పెండ్లాన్ని తెచ్చుకుంటివా?"

"దీని పేరు బేగం, ఆపా. శానా నెమ్మదిది. నీ మాదిరి కాదు."

"దాని నోరు యాడుందో చూపీ, నెమ్మదో కాదో చెప్తా."

వాడు నవ్వాడు. కువైట్‌లో సేఠు కొడుకు ఇట్లాంటిదాన్నే తెచ్చుకుని నెల తిరక్కముందే విసుక్కున్నాడట. పారెయ్యమని మావాడి చేతికిస్తే, పారెయ్యలేక మెట్ల కింద తన గదిలో పెట్టుకుని తొమ్మిదేళ్లు సాకాడు. ఆ సంగతి ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ నాకు చెప్పలేదు. చెబితే నేను ఎగతాళి చేస్తానని తెలుసు.

"దానితో ఏం మాట్లాడేవాడివిరా?"

"ఏం మాట్లాడను. డ్యూటీ దిగి వచ్చినాక గదిలో ఇంకొక పానం ఉందిలే అనిపించేది."

అయినా ఊరుకుంటానా? రోజూ పైకెక్కి "బేగం సాహెబా నాస్తా అయిందా?" అని దెప్పేదాన్ని. దాని నాస్తా వారానికొక ఇలకోడి. మా పెరట్లో బండల సందుల్లో కీచుమనే పురుగే. చీపురు పట్టుకుని నేనే పట్టిచ్చేదాన్ని. దాన్ని చేత్తో తాకనిచ్చేవాడు కాదు. ఎండ తగలకూడదు, మూతలో నీళ్లు ఆరకూడదు, అంతే. పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని పెట్టె ముందు కూర్చుంటే గంటసేపు కదిలేవాడు కాదు. చాయ్ లేకపోతే మాత్రం మనిషే కాదు వాడు.

ఏడాది తిరిగేసరికి వాడి కడుపులో గడ్డ అన్నారు, తిరుపతిలో ఆపరేషన్ అన్నారు. అప్పటికే బేగం తిండి మానేసి పదిహేను రోజులైంది.

"ఏంరా, రంజాన్ ఇంకా రాలేదు గదా. దీనికేం ఒక్కపొద్దు?"

"తినకపోతే వదిలెయ్ ఆపా. లోపలేసిన ఇలకోడిని మాత్రం తీసెయ్యి. తినంది లోపల ఉండగూడదు. నువ్వు కొత్తదానివి, ఎందుకో వచ్చినాక తీరిగ్గా చెప్తా." కింద కారు హారన్ కొడుతోంది. మెట్లు దిగుతూ మళ్లీ వెనక్కి తిరిగాడు. "గుహలో ప్రవక్తను కాచిందని మనోళ్లు సాలెపురుగును చంపరు గదా ఆపా. జాగ్రత్త."

"నేనేం చంపుతానురా దాన్ని. నీతోనే వస్తాండా గదా, పద."

ఆసుపత్రిలో ముందురోజు నుంచే నోట్లో ఏమీ పొయ్యొద్దన్నారు. పొద్దున ఎనిమిదికి తీసుకుపోతామన్నారు. ఎనిమిది పోయింది, పది అయింది. వాడి పెదవులు ఎండిపోయాయి.

"ఆపా, ఒక్క గుక్క చాయ్. ఎవురూ చూడరులే."

"ముయ్యి నోరు. బయటికొచ్చినాక చెంబెడు తాగిస్తా."

బయటికి తెచ్చారు కానీ కళ్లు తెరవలేదు. రెండో రోజు పోయాడు. జమ్మలమడుగులో మా నాయన పక్కన మట్టి చేశాం.

ఆ తర్వాత నేను రోజూ పైకెక్కేదాన్ని. మూతలో నీళ్లు పోసేదాన్ని. ఇలకోడిని వేసేదాన్ని, అది తినేది కాదు, తీసేసేదాన్ని. చెప్పినట్టే చేశాను. వాడు పోయిన దుఃఖం దానికీ తెలిసిందనుకున్నాను. నవ్వితే నవ్వండి.

నలభయ్యో దినం ఫాతెహాకు వాడికి ఇష్టమైనవన్నీ వండాను. ఖీమా, పొంగరొట్టె, ఖీర్. మధ్యలో చాయ్, పెద్ద గ్లాసు నిండా. వచ్చినవాళ్లు ఖురాన్ చదివి, తిని, చెయ్యి కడుక్కుని వెళ్లారు. మధ్యాహ్నం పైకి పోయాను. బేగం ఎల్లకిలా పడి ఉంది. కాళ్లు పైకి. ముఖం దగ్గర పెట్టి చూస్తే ఒక కాలు సన్నగా కదిలింది.

ఆకలికి పడిపోయిందనుకున్నాను. కింద ఊరందరికీ అన్నం పెట్టాను, వాడు ప్రాణం పెట్టుకున్నది పైన మాడిపోతోందా? ఒకసారి ఆసుపత్రోళ్లు వద్దంటే విని వాడి నోరు కట్టేసి పంపాను. ఇంకొకసారి నాతో కాదు. పెరట్లోకి పోయి మూడు ఇలకోళ్లను పట్టి తెచ్చి, దాని నోటి దగ్గరే వదిలి మూత పెట్టాను. "తిను తల్లీ" అన్నాను. మొదటిసారి దాన్ని దెప్పకుండా మాట్లాడాను.

మర్నాడు పొద్దున పెట్టెలో రెండు సాలెపురుగులున్నాయి. ఒకటి బోలుగా, ఎండిన తొక్కలాగా. ఇంకొకటి పాలిపోయి మెత్తగా ఉంది. దానికి మూడు కాళ్లు లేవు. కడుపు కొరికేసి ఉంది. ఇలకోడి ఒకటి దాని మీదే కూర్చుంది.

వాడి ఫోన్లో బెంగళూరు నంబరు వెతికి నొక్కాను. బేగంను అమ్మిన పిల్లోడు అబ్రార్ ఎత్తాడు. వాడిదీ మన కడప జిల్లానే. సంగతంతా చెప్పాను.

"దాదీ, అది ఆకలి గాదు. పాత తోలు విడిచే ముందర నెలా రెన్నెల్లు తినదు. అట్ల ఎల్లకిలా పండుకోనే విడుస్తాది. కొత్త ఒళ్లు వెన్న మాదిరి ఉంటాది. అప్పుడు ఇలకోడి గూడా దాన్ని కొరుకుతాది."

"ఏమీ వెయ్యకుండా ఉండింటే?"

"ఇప్పుడెందుకులే దాదీ."

"చెప్పు నాయనా, ఏడ్చను."

"లేచి తిరుగుతాండె దాదీ. ఆడది గదా, ఇంకా పదేండ్లయినా బతుకుతాండె."

ఏడ్చనని చెప్పినా ఏడ్చాను. పక్కింటి జయలక్ష్మమ్మ గోడ మీద నుంచి తొంగి చూసింది. "పురుగు కోసం ఏడుస్తాండావా అక్కా? ఇనాయతన్న పోయిననాడు గూడా ఇంతగా ఏడ్వలేదే!"

"ఆ పొద్దు ఇంటినిండా జనముండ్రి. ఎవురికి పెట్టాల, ఎవురిని పంపాల అని చూసుకుంటి. యాడ తీరింది ఏడ్చేదానికి?"

బేగంను పెరట్లో గోరింట చెట్టు మొదట్లో పాతిపెట్టాను. తొక్క మాత్రం పారెయ్యలేదు. ఎనిమిది కాళ్లూ సక్కగా ఉన్నాయి దానికి. వాడి చాయ్ గ్లాసులో పెట్టాను.

పెట్టెలో ఇలకోళ్లు మిగిలాయి. చెప్పు తీశాను. మూడూ మూలకు చేరి, పొట్టలు నిండి, కదల్లేక కూర్చున్నాయి. వాటిని అక్కడ వేసింది నేనే కదా. చెప్పు కింద పడేసి, పెట్టెను పెరట్లోకి మోసుకుపోయి, బండల దగ్గర వంచాను.