సూర్యకళ కొట్టుగది

భీమశంకరరావు నోరు ఎవరైనా మూయించడం నేను ఒక్కసారే చూశాను. అది 2008, వానలు మొదలైన నెల. గోపాలపట్నంలో మా మేడమీది వాటా కంప్యూటర్ల ఆఫీసుకిచ్చాం. ట్యాంకు నిండి నీళ్ళు మెట్లమీదికి కారుతుంటే, మోటారు ఆపని మహానుభావుణ్ణి నాలుగు దులుపుదామని పైకెక్కాను. అక్కడ నాకంటే ముందే దులుపుడు నడుస్తోంది.

ఆఫీసు పెద్ద భీమశంకరరావు నిలబడి అరుస్తున్నాడు. ఎదురుగా అక్కడ ప్రోగ్రాములు రాసే సూర్యకళ కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"నీ కొట్టుగది చెరిపెయ్! ఇకనించి మూస కావాలంటే ఎవరైనా సరే హైదరాబాదు నుంచే దింపుకోవాలి."

"దింపితే ముప్పావుగంట సార్. మధ్యలో లైను తెగితే మళ్ళీ మొదట్నించీ."

"పోయిన వారం ఆటోనగర్ షెడ్డుకి పాత మూసమీద కట్టిచ్చారు. ఒకే బండికి రెండు నంబర్లు పడ్డాయి. ఎవరి పుణ్యం అది?"

"పాతది వాడ్డం తప్పు సార్. దాసుకోడం తప్పు కాదు."

ఆ భాష నాకప్పటికే కొంత పట్టుబడింది లెండి. ఆ ఆఫీసువాళ్ళు షెడ్లకీ ఐసు ఫ్యాక్టరీలకీ కంప్యూటరు ప్రోగ్రాములు రాసిస్తారు. ఏ కొత్త పని ఎత్తుకున్నా పునాదీ స్తంభాలూ ఒకటే. వాటినే మూస అంటారు. అసలు మూస హైదరాబాదు కంప్యూటర్లో ఉంటుంది. అక్కడివాళ్ళు నెలకి రెండు మూడుసార్లు దాన్ని బాగుచేసి, చేసినప్పుడల్లా దాని అంకె ఒకటి పెంచుతారు. అక్కణ్ణుంచి ఫోను లైనుమీద మూసని దింపే పనిముట్టు రాసింది సూర్యకళే. ఒకసారి దింపినదాన్ని పారెయ్యకుండా ఇక్కడే ఒక మూల దాచేటట్టు చేసి, ఆ మూలకి కొట్టుగది అని పేరు పెట్టింది.

"ఇప్పుడే తేల్సుకుందాం సార్," అంది. "హైదరాబాదుకి ఫోన్ సెయ్యండి. మూస మార్సమంటారో, ముట్టుకోవద్దంటారో మీ ఇష్టం. నాకు సెప్పకండి. నా కొట్టే సెప్తాది."

అతను వరండాలోకి వెళ్ళి గుసగుసలాడి వచ్చాడు. సూర్యకళ మీట నొక్కింది. నేను పది లెక్కపెట్టేలోపు తల తిప్పింది.

"మార్సలేదు సార్. పాత అంకే ఉంది. కొట్టులోదే ఇచ్చేసింది."

అతను మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. మళ్ళీ మీట.

"ఇప్పుడు మార్సేరు. అంకె పెరిగింది. కొత్తది దానంతటదే దిగుతంది, సూసుకోండి."

భీమశంకరరావు వంగి తెరమీది అంకెని సరిచూసుకున్నాడు. "సరే, ఉంచు," అన్నాడు చివరికి. "కానీ ఇంకొక్కసారి పాతది బయటికెళ్ళిందా, కొట్టూ ఉండదు, ఇక్కడ నువ్వూ ఉండవు."

"అలాగే సార్," అంది, వరహాల మూట దొరికినట్టు నవ్వుతూ. నేను మోటారు సంగతే మర్చిపోయి దిగొచ్చేశాను.

ఆ పిల్లకి ఈ తెలివి పాలిటెక్నిక్ ఇచ్చిందని ఆఫీసువాళ్ళ నమ్మకం. నేను నవ్వుకుంటాను. తొంభైలలో సూర్యకళ వాళ్ళు మా వీధిలోనే అద్దెకుండేవాళ్ళు. సముద్రం మీద బతికే కుటుంబం. వాళ్ళమ్మ పోతమ్మ తెల్లారకుండా తట్ట పట్టుకుని హార్బరుకి బస్సెక్కేది. బోట్లు రాని రోజు ఖాళీ తట్టతో తిరిగొచ్చి, మా అరుగుమీద కూలబడి సముద్రాన్ని నోటికొచ్చినట్టు తిట్టేది. పదేళ్ళ సూర్యకళ ఒకనాడు అంది కదా, "అమా, ఐసు ఫ్యాక్టరీ మామకి ఫోనుంది. బోట్లొచ్చాయా అని అడిగి ఎల్తే పోదా?" ఆ రోజు నుంచీ పోతమ్మ కాయిన్ ఫోనులో రూపాయి బిళ్ళ వేసి అడిగాకే బస్సెక్కేది.

అడగడం తేలిక, మోయడం బరువు. పెద్దయ్యాక కంప్యూటరుకి నేర్పింది కూడా ఇదే. ముందు హైదరాబాదుని మూస అంకె మాత్రం అడుగుతుంది. అదే అంకైతే ఇంట్లోది చాలు, మారిన నాడే మోత. సగం దిగి ఆగిపోయినదాన్ని కొట్టులోకి రానివ్వదు. పూర్తిగా చేరేదాకా గుమ్మం బయటే.

దాచే కొట్టు కట్టింది గానీ, మనిషికి దాపరికం లేదు. ఏసీ గదిలో ఎండు నెత్తళ్ళ చేపకూర డబ్బా మూత తీస్తే మొదట్లో అందరూ ముక్కులు మూసుకున్నారు. నెల తిరిగేసరికి అన్నం మాత్రమే తెచ్చుకుని ఆమె చుట్టూ చేరారు.

ఆగస్టులో మూడు రోజులు ఎడతెగని వాన. లైను చచ్చింది. హార్బరు దగ్గరి ఐసు ఫ్యాక్టరీకి మర్నాడు పొద్దున్నే ప్రోగ్రాము అప్పగించాలి. దుర్గారావనే కుర్రాడు కడుతున్నాడు. నేను వేడి పకోడీలు పట్టుకెళ్ళేసరికి సూర్యకళ అతని వెనకాల నిలబడి ఉంది.

"ఏ అంకె మీద కడతన్నావురా?"

"ఏమో అక్కా. కొట్టు ఇచ్చింది, తీసుకున్నాను."

"లైను లేదు కదా. ఇది పాతది కావచ్చు, పరవాలేదా అని కొట్టు నిన్నడగలేదా?"

"ఎర్రగా ఏదో రాసింది. ఎంటర్ కొట్టేశాను."

"సదివేవా?"

"ఎవుడు సదువుతాడక్కా!"

మూడో తరగతితో బడి మానిన నేను పకోడీల పొట్లం కాగితం కూడా చదవకుండా పారెయ్యను. ఆగలేకపోయాను. "ఒరే, ఎర్రజెండా సూత్తే ఇనపరాయి మోసే గూడ్సుబండి కూడా ఆగుతాది గదరా! నీకేటొచ్చింది?"

"ఆటోనగర్‌ది కూడా ఇలాగే కొట్టేవా?" అంది సూర్యకళ నెమ్మదిగా. అతను తల గోక్కుంటూ ఒప్పుకున్నాడు. ఈ ప్రోగ్రాము ఇలాగే ఐసు ఫ్యాక్టరీకి చేరితే కొట్టుతోపాటు తన ఉద్యోగమూ పోయేది.

అదృష్టం, నాలుగింటికి లైను ప్రాణం పోసుకుంది. అడిగితే అంకె రెండు మెట్లు పెరిగుంది. దుర్గారావు పొద్దుట్నించీ కట్టిందంతా కొత్త మూసమీదికి ఇద్దరూ కలిసి ఎక్కించారు. దీపాలవేళకి అయిపోయింది. మర్నాడు ఐసు ఫ్యాక్టరీవాళ్ళు ముచ్చటపడి తట్టెడు వంజరం చేపలు పంపారు. మా వంటింట్లోనే పులుసు పెట్టాను. భీమశంకరరావు మూడుసార్లు వడ్డించుకుని, "మన కొట్టు బాగా పనిచేస్తోంది" అన్నాడు. మన కొట్టట! సూర్యకళ నా వైపు చూసి కన్నుగీటింది.

అందరూ వెళ్ళాక వంటింటి గుమ్మంలో చతికిలబడింది.

"మామ్మా, ఎర్రగా రాసినా సదవరు. ఇంకా పెద్దగా రాసినా సదవరు. లైను లేన్నాడు కొట్టు మూసేద్దామంటే వానాకాలమంతా ఆఫీసులో ఎనిమిదిమందీ సేతులు ముడుసుకు కూకోవాల. నువ్వొక సాయం సెయ్యాల."

"నానేటి సేత్తానే, కంప్యూటరమ్మా?"

మడత పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. దాన్నిండా అంకెలు, మూస అంకెలు కావు.

"ఎంటర్ కొడితే ఇచ్చే పద్ధతి తీసేశాను. లైను లేన్నాడు పాతది కావాలంటే ఇందులో ఒక అంకె కొట్టాల. ఒక్కోటీ ఒక్కసారే పనిసేత్తాది. కాగితం నీ దగ్గరే ఉండాల. ఎవుడొచ్చినా, 'పాతది వాడతన్నాను, లైనొచ్చాక మళ్ళీ సూత్తాను' అని నోటితో సెప్పించు. అప్పుడే అంకె ఇయ్యి. ఇచ్చేముందు మాత్రం కడుపునిండా తిట్టాల మామ్మా. భీమశంకరరావు సారొచ్చినా సరే, మొహమాటపడకు."