గొట్టాలకు జోలపాడే ఉయ్యాలక్క

"గడ్డకడితే మళ్ళీ గుచ్చుతారా?"

జ్వరంతో కాలిపోతున్న పాపను ఎత్తుకొచ్చిన ఆ కొత్త తల్లి క్లినిక్కులో అడుగుపెడుతూనే అన్న మొదటి మాట అది. ముందురోజు వేరేచోట తీసిన రక్తం గడ్డకట్టిందని ల్యాబువాళ్ళు తిప్పి పంపారు. ఆ బుల్లి చేతిలో నరం దొరకడానికి పడ్డ పాట్లు ఆమె ఇంకా మరిచిపోలేదు. పైగా రసాయనశాస్త్రం చదివింది. రక్తం ఎన్నిరకాలుగా పాడైపోగలదో తెలుసు. తెలిసినవాళ్ళ భయానికి కొమ్మలెక్కువ.

"నా చేతిలో పడ్డాక గడ్డకట్టే ధైర్యం దానికెక్కడిదమ్మాయ్?" అంది రక్తం తీసే ఆవిడ.

ఆవిడే ఉయ్యాలక్క. చేతికి ఏది అందితే దాన్ని ఊపడం ఆవిడ జబ్బు. కుదపడం కాదు, ఊపడం. నిద్రపోతున్న బిడ్డ లేస్తుందేమో అన్నట్టు మెల్లగా తలకిందులు చేసి, మళ్ళీ మెల్లగా నిలబెట్టేది. రక్తం పట్టే గొట్టంలో ఉన్న మందు సరిగా కలవకపోతే అది గడ్డకడుతుంది, గిలక్కొడితే కణాలు పగిలిపోతాయి. అంతవరకు న్యాయమే. కానీ ఆవిడ ఉప్పుడబ్బానూ ఊపేది, జిగురుసీసానూ ఊపేది. ఒకసారి మూత తీసిన టీ ఫ్లాస్కును అలవాటుకొద్దీ తలకిందులు చేసి, డాక్టరుగారి తెల్లకోటుకు రంగు వేసింది.

"అమ్మా, నేను శాంపిల్‌ని కాదు!" అని ఆయన గోల.

"కంగారుపడకండి సార్, మీరు గడ్డకట్టరు."

ఆవిడ రాకముందు ఆ క్లినిక్కు గొట్టాలు గోడకు కొట్టిన బంతుల్లా తిరిగొచ్చేవట. ఒకటి గడ్డకట్టిందని, ఇంకొకటి చాల్లేదని, మరొకటి పేరే లేదని. ఆవిడొచ్చాక ల్యాబువాళ్ళకు ఆ పనే లేకుండా పోయింది. పేరుచీటీ అంటించనిదే గొట్టం బల్ల దిగేది కాదు. మంచినీళ్ళ సీసాకూ చీటీయే, గొడుగుకూ చీటీయే. గొట్టాల పెట్టెను ల్యాబుకు తీసుకెళ్ళే బండి అతని వెనకాలే గుమ్మందాకా వెళ్ళేది.

"గుంతలో దించావంటే నీ సంగతి చెప్తా!"

"మా ఆవిడ నెలలు నిండి ఉన్నప్పుడు కూడా ఇంత మెల్లగా తోలలేదక్కా!"

"అందుకేరా, నీ కొడుక్కి అంత గొంతు!"

సరే, పాపకు సూది గుచ్చడం, పాప పైకప్పు ఎగిరిపోయేలా ఏడవడం, ఉయ్యాలక్క జోలపాట ఎత్తుకోవడం ఒక్కసారే జరిగాయి. పాడింది పాపకు కాదు, గొట్టానికి. ఆ తరవాత బల్ల దగ్గర ఏదో సర్దివచ్చి, ఎర్రటి గొట్టమొకటి తల్లి చేతిలో పెట్టింది.

"ఊపు. నేను చెప్పేదాకా ఆపకు. కుదిపావో, చూడు మరి!"

తల్లి ఊపిరి బిగబట్టి ఊపింది. బండి వెళ్ళిన చప్పుడు గానీ, కాసేపటికి ఫోను మోగిన చప్పుడు గానీ ఆమె చెవిన పడలేదు. వణికే చేతులకు మెల్లగా లయ దొరికింది. ఒళ్ళో పాప కూడా వెక్కిళ్ళు ఆపి గొట్టం వైపే చూస్తోంది. అప్పుడు పడింది తల్లి కన్ను చీటీ మీద. పైప్రాణాలు పైనే పోయాయి.

"అక్కా! దీనిమీద పాప పేరు లేదు. 'అమ్మ' అని ఉంది! తిప్పి పంపుతారు, మళ్ళీ గుచ్చాలి..."

"పాపది ఎప్పుడో ల్యాబుకు చేరింది. బాగుందని ఫోను కూడా చేశారు. నీ చేతిలోది ఎర్రసిరా కలిపిన నీళ్ళు."

"మరి ఇంతసేపూ నాచేత ఎందుకు ఊపించారు?"

"పిల్లల ఏడుపు పట్టీ వేసేలోగా ఆగుతుంది. అమ్మల చేతులే ఆగవు. వాటికేదో పని పెట్టాలిగా! అయినా చీటీ రాసే ఇచ్చాను, చూసుకోకపోతే నా తప్పా?"

పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. ఉయ్యాలక్క ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. ఆ బల్లమీద గొట్టాలను ఊపడానికి ఇప్పుడొక మిషను ఉంది. బాగానే ఊపుతుంది గానీ, పాడదు. పాపకు ఒళ్ళు వెచ్చబడితే చాలు, తల్లి చెయ్యి మందుసీసా మీదికి వెళ్తుంది. మెల్లగా అటు, మెల్లగా ఇటు. ఆరోజు గుమ్మందాకా వచ్చి ఉయ్యాలక్క చెప్పిన మాట ఆమె ఇప్పటికీ జవదాటదు:

"కంగారొచ్చినప్పుడు చేతిలో ఏదుంటే దాన్ని మెల్లగా ఊపు తల్లీ. కుదిపితే ఏదీ కుదుటపడదు. కాకపోతే, ముందు మూత ఉందో లేదో చూసుకో!"