కబుర్లు నమోదు చేయబడును

కరోనా సద్దుమణిగాక, ఈ అరబ్బు దేశంలో జెబెల్ అలీలోని మా జపాన్ కంపెనీకి కొత్త జబ్బు పట్టుకుంది. ఉద్యోగుల బుర్రల్లోని జ్ఞానమంతా పిచ్చాపాటీలోనే బయటికొస్తుందని టోక్యోలో ఎవరో కనిపెట్టారట. ఇకనేం, వారానికో గంట అందరూ తీరిగ్గా కబుర్లాడాలని ఆర్డరొచ్చింది. రాకపోతే మెమో! ప్రతి కబురులోంచీ ఒక నీతి తీసి, కంప్యూటర్లో ‘జ్ఞాన భాండాగారం’లో ఎక్కించాలి. ఆ భాగ్యం ఆఫీసు అసిస్టెంటునైన నాది.

"ఇక్కడ పెద్దా చిన్నా లేదు. మనసులో ఉన్నది చెప్పండి," అన్నాడు జపాన్ నుంచి వచ్చిన మా ముదీర్, అంటే మేనేజరు. మంచివాడే, పాపం. కాకపోతే ఆయన కుర్చీలోంచి లేచేదాకా ఎవరూ ఇంటికి కదలరు. ఆయన చీకటి పడితేగాని లేవడు.

నా మనసులో ఉన్నది ఐదున్నర కంపెనీ బస్సు. అది తప్పితే మేముండే ఇంటర్నేషనల్ సిటీకి ఏడులోగా చేరలేను. మా రెండేళ్ల పాపను చూసుకునే పక్క ఫ్లాటు కడప అక్క ఏడింటికి డ్యూటీకి వెళ్లాలి. ఆమె కాదంటే నా ఉద్యోగం అంతే సంగతులు. రోజూ ఏదో వంకతో జారుకుంటున్నాను గానీ, వంకలు అయిపోవచ్చాయి. ధైర్యం చేసి అదే చెప్పేశాను.

"మీరు లేవకపోతే మేమెవరమూ లేవలేం సార్. నాకు బస్సు పోతోంది."

అందరూ బల్లకేసి చూశారు. ముదీర్ మాత్రం లేచి, నడుం వంచి నాకు దండం పెట్టాడు. నా కళ్లు చెమర్చాయి, పిచ్చిదాన్ని.

ఆ నెల ఉత్తమ జ్ఞానం నాదేనని టోక్యో తేల్చింది. సన్మానం కూడా పెట్టారు. డైరెక్టరుగారికి అప్పుడే తీరిక దొరికిందని, మా టైము సాయంత్రం ఐదున్నరకు! తెర మీద టోక్యో ఆఫీసు కనిపించింది. అక్కడ రాత్రి పదిన్నర. టైలు కూడా వదులు చేసుకోకుండా వరసగా కూర్చుని, వేళకు ఇంటికెళ్లడం గురించి నేను చెప్పినదానికి చప్పట్లు కొట్టారు.

"ఈ సూచన అమలైందా?" అనడిగాడు డైరెక్టరు.

"నమోదైంది," అన్నాడు ముదీర్ వినయంగా.

మళ్లీ చప్పట్లు. కిటికీలోంచి మా బస్సు వెళ్లిపోవడం చూశాను. చేతిలో ప్రశంసాపత్రం లేకపోతే ఎవరినైనా కొట్టేదాన్నేమో.

టాక్సీలో ట్రాఫిక్ దాటి వెళ్లేసరికి ఎనిమిది కావస్తోంది. అక్క పాపను చంకనేసుకుని మెట్ల దగ్గరే నిలబడి ఉంది.

"మా మేడమ్ ఫోన్ మీద ఫోన్ చేస్తా ఉంది మా. ఇంగ నా వల్ల కాదు, ఖలాస్. రేపట్నించి ఇంకెవుర్నన్నా సూస్కో," అంది.

తర్వాతి వారం కబుర్ల గంటలో ముదీర్ ఆప్యాయంగా నా వైపు తిరిగి, "మళ్లీ ఏదైనా మంచి విషయం చెప్పండి," అన్నాడు. నెలాఖరుకు ఉద్యోగం మానేస్తున్నానని నేనింకా ఎవరికీ చెప్పలేదు.

"ఎండలు బాగా ముదిరాయి సార్," అన్నాను.

అందరూ తలలూపారు. దాన్ని కూడా నేనే భాండాగారంలో ఎక్కించాను.