దేవుడి కుండ

జహీరాబాదులో మేము అద్దెకున్న ఇంట్లో వంటగది, పడకగది అని వేరుగా ఉండేవి కావు. పొడవాటి ఒకే గదిని నడుమ తడకతో విడదీశారు. తడకకు అటువైపు పొయ్యి, విసుర్రాయి, నీళ్ళ కాగు. ఇటువైపు మా మంచాలు, నా బడి పుస్తకాలు. తెల్లవారుజామున నా భార్య లేచి జొన్నలు విసరడానికి కూర్చుంటే ఆ పని అంతా నాకు చప్పుళ్ళుగానే తెలిసేది. చాటలో గింజలు పోసిన చప్పుడు, ఆ తర్వాత ఒక పిడికెడు గింజలు పక్కనున్న మట్టికుండలో పడిన చప్పుడు, ఆ తర్వాత రాయి తిరగడం. ఈ వరస తప్పేది కాదు.

ఆ పిడికెడు దేవుడిది. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో ఆడవాళ్ళు అప్పట్లో అలాగే చేసేవారు. ఇంటివాళ్ళ కోసం తీసిన గింజల్లోంచి, విసిరే ముందు, ఒక పిడికెడు వేరే కుండలో వేయాలి. ఆదివారం వాటిని మూటగట్టి చర్చికి, మా మాటలో గుడికి, తీసుకుపోయి ముందున్న గంపలో పోయాలి. అందులో కొంత పాస్టరయ్యగారి ఇంటికి, కొంత దిక్కులేని ముసలివాళ్ళకు పోయేది.

నా భార్యది ఝరాసంగం దగ్గర ఒక పల్లె. వాళ్ళ నాయనమ్మ బాప్తిస్మం తీసుకోకముందు అదే పిడికెడు, పొద్దున్నే గంట వాయించుకుంటూ వచ్చే జంగమయ్య జోలెలో వేసేదట. బాప్తిస్మం తర్వాత జోలె బదులు కుండ వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఆమె ఈ మాట చెబితే నవ్వి ఊరుకున్నాను. తర్వాత దాని గురించి చాలాసార్లు ఆలోచించవలసి వచ్చింది.

అప్పుడు నేను మిషన్ బడిలో పంతులుని. పట్నంలోని ఒక పత్రికకు ఇక్కడి అంగడి ధరలు, వానల సంగతులు రాసి పంపేవాణ్ణి. ఆ తర్వాత చాలా ఏళ్ళు పత్రికల్లోనే గడిచాయి. ఏమి జరిగింది, ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని అడగడం ఆ పనిలో భాగం. ఇప్పుడు రాస్తున్న ఈ చిన్న సంగతిలో ఏమి జరిగిందో నాకు బాగా తెలుసు. ఎందుకో మాత్రం అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలిసిందని చెప్పలేను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. ఒక వానాకాలం మా పాప పోయింది. అప్పటికి బోర్లా పడి తల ఎత్తి చూడడం నేర్చుకుంది. జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోయాము. గుడిలో అందరూ మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేశారు. అయినా పోయింది.

ఆ తర్వాతి ఆదివారం నేను తయారై గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆమె పొయ్యి ముందు నుంచి లేవలేదు.

“వస్తలేవా?” అన్నాను.

“మీరు పోన్రి.”

“పానం మంచిగ లేదా?”

“మంచిగనే ఉన్న. మీరు పోన్రి.”

పోయాను. అందరితో పాటు పాడాను, కళ్ళు మూసుకున్నాను, ఆమేన్ అన్నాను. లోపల ఏమీ కదలలేదు. ఎండిన బావిలోకి చేద వదిలినట్టు ఉంది. పాస్టరయ్యగారు నా భుజం మీద చెయ్యి వేసి “ఇంట్ల ఎట్లున్నది?” అన్నారు. బాగానే ఉన్నది అన్నాను.

మర్నాడు తెల్లవారుజామున మెలకువ వచ్చింది. ఈ రోజు నుంచి ఆ చప్పుడు ఉండదనుకున్నాను. దేవుడి మీద అలిగిన మనిషి దేవుడికి గింజలెందుకు తీస్తుంది? చాటలో జొన్నలు పడ్డాయి. కాసేపు ఏమీ లేదు. తర్వాత పిడికెడు గింజలు కుండలో పడ్డాయి. రాయి తిరగడం మొదలైంది.

చేతికి పట్టిన అలవాటే అనుకున్నాను. కానీ వారాలు గడిచాయి. ఆదివారం ఆమె గుడికి రాదు, కుండను కదిలించదు, నన్నూ తీసుకుపోనివ్వదు. పిడికెడు మాత్రం రోజూ పడుతూనే ఉంది. అడుగున ఉన్నప్పుడు గింజలు గలగలమనేవి. కుండ నిండుతున్న కొద్దీ ఆ చప్పుడు మెత్తబడుతూ వచ్చింది. పంట చేతికొచ్చే కాలానికి చెవి పెట్టి వింటే తప్ప వినపడేది కాదు. ఒకరోజు ఆమె ఆ కుండ మీద మూకుడు బోర్లించి, అటక మీద నుంచి ఇంకో కుండ దించి, తుడిచి, విసుర్రాయి పక్కన పెట్టింది.

ఇక ఉండబట్టక అడిగాను.

“గుడికే పోనప్పుడు గీ గింజలు ఎందుకు తీస్తున్నవ్?”

“తీయకపోతే ఎట్ల?”

“ఎవరికని తీస్తున్నవ్?”

అడగకూడనిది అడిగినట్టు నా వైపు చూసింది. “రొట్టె చల్లారుతున్నది. తినున్రి,” అంది.

ఆమెకు దేవుడు లేకుండా పోయాడేమో అన్నదే నా భయం. ఆయన లేకపోతే ఆమె ఏమి పట్టుకుని బతుకుతుందో నాకు తోచలేదు. మా ఇద్దరిలో గట్టి నమ్మకం ఆమెదే. నాది ఆమె పక్కన కూర్చుని పాడే నమ్మకం. ఆమె లేని బల్ల మీద కూర్చుంటే నాకు పాట వరసలు కూడా తప్పేవి.

ఒకసారి పాస్టరయ్యగారు మొగుడంపల్లి వైపు ప్రార్థన కూటం చూసుకుని వస్తూ, కాళ్ళ నిండా దుమ్ముతో మా ఇంటికి వచ్చారు. పెద్ద వయసు మనిషి. నా భార్య నీళ్ళిచ్చింది, చాప వేసింది, తడక అవతలికి పోయింది. ఆయన వాక్యం చదివి ప్రార్థన మొదలుపెట్టారు. అదే సమయానికి లోపల విసుర్రాయి తిరగడం మొదలైంది. పట్టపగలు ఎవరూ జొన్నలు విసరరు. ఆయన గొంతు కొంచెం పెంచారు. రాయి కూడా కొంచెం వేగం పెంచినట్టు నాకు అనిపించింది. సిగ్గుతో కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను.

వాకిట్లో చెప్పులు తొడుక్కుంటుంటే “తప్పు అనుకోకున్రి అయ్యగారూ, ఆమె మనసు...” అని ఏదో చెప్పబోయాను.

“విసరనీ,” అన్నారాయన. “నువ్వు మాత్రం ఆమె దిక్కెల్లి జవాబులు చెప్పకు.”

అది మందలింపో ఓదార్పో తెలియలేదు. ఆయన తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు.

ఎండాకాలం వచ్చేసరికి ఊళ్ళో గింజలు కరువయ్యాయి. పండినదాంట్లో చాలా భాగం లెవీ కింద సర్కారుకు పోయింది. అంగట్లో జొన్నలు కనపడడమే గొప్ప. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మా గింజల గుమ్మి అడుగు కనపడుతోంది. విసుర్రాయి పక్కన మాత్రం ఒకటి నిండుగా, ఒకటి సగానికి పైగా, దేవుడి కుండలు రెండు.

“ఈ పూటకు అందులోంచి తీయి,” అన్నాను.

“అవి మనయి కావు.”

“అయితే గుడికి పంపుదాం.”

“నేను పోను.”

“నేను తీస్కపోత.”

“మీరెందుకు తీస్కపోతరు? తీసింది నేను.”

తినకూడదు, ఇవ్వకూడదు, పారేయకూడదు. పత్రికకు రాయవలసి వస్తే ఈ ఇంట్లో కరువు ఉందని రాయాలో లేదని రాయాలో తెలియదు. నేను విసుక్కుని అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. ఆమె గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళింది.

పక్కిల్లు ఒక దర్జీది. ఆయన భార్యను నా భార్య ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేది. మా పాపకు మొదటి కుళ్ళాయి కుట్టి పెట్టింది ఆమే. శేరు జొన్నలు అప్పు ఇచ్చి, మాట్లాడుకుంటూ మా ఇంటిదాకా వచ్చి, నేరుగా తడక అవతలికి పోయింది. అరుగు మీద ఉన్న నాకు అన్నీ వినపడుతున్నాయి.

“తౌబా! ఇంట్ల రెండు కుండల నిండ వెట్టుకొని నా దగ్గర అడుగుతవా?”

“అవి నాయి గావు ఖాలా.”

“మరి ఎవరియి?”

గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

“దేవునియి.”

“అయితే ఆయనకియ్యి. నీ ఇంట్ల ఎందుకు దాచినవ్?”

“నేను ఆయనతోని మాట్లాడ్తలేను.”

ఆ మాట ఆమె అరిచి అనలేదు, ఏడుస్తూ అనలేదు. ఉప్పు అయిపోయింది అన్నట్టు అంది. ఖాలా పెద్దగా నవ్వింది.

“అరె బేటీ! మాట్లాడకపోతే ఏమాయె? పోయిన రంజాన్ కాడికెల్లి మా ఆయనతోని నేను మాట్లాడ్తలేను. రొట్టె చేసి పెడ్తలేనా? ఆయన తింటలేడా?”

“ఎందుకు మాట్లాడ్తలేవు?”

“ఏమో. యాది లేదు. ఆయననే అడగాలె.”

పాప పోయిన తర్వాత నా భార్య నవ్వగా నేను వినలేదు. ఆ వేళ నవ్విందో, దగ్గిందో, తడక అవతల కాబట్టి చెప్పలేను.

నేను తికమకపడ్డాను. లేనివాడితో ఎవరూ మాటలు మానేయరు. ఉన్నాడు కాబట్టే, అదీ ఇంట్లోనే ఉన్నాడు కాబట్టే, ఆమె మొహం తిప్పుకుని తిరుగుతోంది. వారం వారం గుడికి పోయి ఆయనతో మర్యాదగా మాట్లాడి వస్తున్నవాణ్ణి నేను. ఆయన ఉన్నాడో లేడో తెలియనిదీ నాకే. మా ఇద్దరిలో దూరమైంది ఎవరో అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది. ఊరట కలిగిందా అంటే, కలిగింది. భయం వేసిందా అంటే, అదీ వేసింది.

ఇంతలో లోపల మూకుడు ఎత్తిన చప్పుడు, వెంటనే ఖాలా కేక.

“పురుగు వట్టిందే బేటీ! చూడు, ఎట్ల నడుస్తున్నయో!”

నా భార్య బయటికి పరిగెత్తినంత పని చేసింది. ఆ మొహం నాకు ఇంకా గుర్తుంది. పాప ఒళ్ళు కాలుతోందని తెలిసిన పొద్దు కూడా అదే మొహం. వాకిట్లో దుప్పటి పరిచారు. రెండు కుండలూ ఒంపారు. జొన్నలు తెల్లగా ఎండలో పరుచుకున్నాయి. పురుగులు దుప్పటి అంచులకు పాకుతున్నాయి. ఇద్దరూ చాటలు పట్టుకుని చెరగడానికి కూర్చున్నారు. నన్ను వేపాకు తెమ్మన్నారు, తెచ్చాను. పిచ్చుకలు వాలితే నా భార్య కొంగు విసిరి తరిమింది. తన గింజల మీద వాలితే ఎప్పుడూ అంత గట్టిగా తరమలేదు.

“ఇన్ని దినాలు మూతవెట్టి పెడితే పురుగు వట్టదా?” ఖాలా చెరుగుతూనే అంటోంది. “మేము గూడ ఆటా పిండి తడిపేటప్పుడు అల్లా పేరు మీద చిటికెడు తీస్తం. ఫకీరు రాంగనే ఇచ్చేస్తం. ఆయన సొమ్ము ఆయనకు జల్దీ పోవాలె. గిప్పుడు ఈ పురుగుల జొన్నలు పంపుతవా? జర శరం గావాలె.”

“పంపుతనని ఎవరన్నరు?”

“మరి గింత మంచిగ ఎందుకు చెరుగుతున్నవ్?”

నా భార్య చాటలోని గింజల్ని ఇంకోసారి ఎగరేసింది.

ఆదివారం పొద్దున నేను తలకు నూనె రాసుకుంటుంటే ఆమె పాత చీర రెండు ముక్కలు చేసి జొన్నలు మూటగట్టింది. ఒక మూట తన తల మీదికి ఎత్తుకుంది. రెండోది చూపించి “గది మీరు పట్టున్రి,” అంది. నేను ఏమీ అడగలేదు. పాస్టరయ్యగారు చెప్పిన మాట గుర్తొచ్చిందో, అడిగితే మూట దించేస్తుందని భయపడ్డానో.

గుడి గేటు దాకా వచ్చి ఆమె ఆగిపోయింది. మూట గోడ నీడలో దించింది.

“మీరు తీస్కపోన్రి లోపటికి.”

లోపల పాట నడుస్తోంది. మూటలు ఒకదాని తర్వాత ఒకటి మోసుకుపోయి గంప దగ్గర విప్పాను. అందరూ పిడికెళ్ళు తెచ్చే చోట అన్ని జొన్నలు ఒక్కసారి పోసేసరికి గంప నిండి పొర్లింది. మిగిలినవి చీరముక్కలోనే గంప పక్కన పెట్టాను. పాస్టరయ్యగారు గింజలు చూశారు, నన్ను చూశారు, కిటికీలోంచి గేటు వైపు చూశారు. పాట ఆపలేదు.

నా బల్ల ఖాళీగా ఉంది. కూర్చోవాలా, బయటికి పోవాలా? ఆరాధన నడుమ లేచిపోవడం నేనెన్నడూ చేయలేదు. అందరూ చూస్తున్నారు. దేవుడి దగ్గర ఉండడమంటే ఆ క్షణాన ఏ వైపు నడవడమో నాకు నిజంగా తెలియలేదు. బయటికి వచ్చాను.

ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పాట అక్కడికీ వినపడుతోంది.

“పురుగు ఉన్నదని ఏమన్న అన్నరా?” అంది.

“ఎవరు?”

“ఎవరన్న.”

“ఎవరూ ఏమనలేదు. తీసుకున్నరు.”

ఆమె తల ఊపింది. చేతులకు అంటిన దుమ్ము కొంగుతో తుడుచుకుంది. పాట చివరి చరణం అయ్యేదాకా ఇద్దరమూ అక్కడే ఉన్నాము. ఆమె పెదవులు కదిలాయేమో చూద్దామనుకుని, చూడలేదు.

“లోపటికి పోదామా?” అన్నాను.

“ఎండెక్కుతున్నది. ఇంటికి పోదాం.”

దారిలో రైలు పట్టాలు దాటాక ఆమె అన్నది, “వచ్చే వారం మూట గింత పెద్దగ ఉండదు. నేనొక్కదాన్నే తీస్కరావొచ్చు.”

ఆమె మళ్ళీ గుడి లోపల ఎప్పుడు కూర్చుందో నాకు సరిగ్గా గుర్తు లేదు. ఒకసారి గుమ్మం దాకా వచ్చింది, ఒకసారి చివరి బల్ల దాకా. దేవుడితో మాటలు ఎప్పుడు కలిశాయో, అసలు కలిశాయో లేదో, నాతో ఎన్నడూ అనలేదు. నేను గుర్తుంచుకున్నది మూటలు ఇచ్చిన మర్నాటి తెల్లవారుజాము. మెలకువగా పడుకుని ఉన్నాను. ప్రార్థన చేద్దామనుకుంటే మాటలు రాలేదు. తడక అవతల చాటలో జొన్నలు పడ్డాయి. తర్వాత పిడికెడు గింజలు ఖాళీ కుండ అడుగున పడి గలగలమని పెద్దగా మోగాయి. అంత చప్పుడు ఎన్నో నెలలుగా వినలేదు. ఆమె కూడా ఉలిక్కిపడినట్టుంది. రాయి వెంటనే తిరగలేదు.

కాసేపటికి తిరిగింది.